రెండో చరణం తర్వాత కేక

1964 నవంబరు 14, శనివారం

ఈ పుస్తకం పోయిన క్రిస్మస్‌కి పాస్టరుగారి భార్య ఇచ్చింది, ప్రార్థనలు రాసుకోమని. ఇన్నాళ్ళూ ఖాళీగానే పడుంది. ఇవాళ జరిగింది ప్రార్థన కాదు. అయినా ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే నిద్ర పట్టదు.

మా అన్న ఆర్డెన్ పంతం నెగ్గింది. రివెట్స్ బ్యాండు రికార్డు చేసింది. పియానోల కొట్టు వెనక గదిలో, అందరం ఒకేసారి వాయించాలి. ఒకడు తప్పితే అందరం మళ్ళీ మొదటికి. పాట ఆర్డెన్ రాసిందే, పేరు 'సల్ఫర్'. టకోమా ఊరి మీద కాగితం మిల్లు కంపు తప్ప వాడికి రాయడానికి ఇంకేం దొరకలేదు కాబోలు. రెండో చరణం అయ్యాక వెర్న్ ఒక కేక వెయ్యాలి, ఆ కేక మీద ఆర్డెన్ గిటారు అందుకోవాలి. అదీ ఏర్పాటు.

వెర్న్ పావ్లిచ్ చర్చి గాయకబృందంలో పెరిగినవాడు. వాడి గొంతు వెన్న. కేక వెయ్యమంటే మాత్రం పిల్లి తోక తొక్కినట్టుంటుంది. మధ్యాహ్నమంతా అదే పని. వాడు అరవడం, అద్దం అవతల రికార్డింగాయన తల అడ్డంగా ఊపడం, ఆర్డెన్ తిట్టడం. బడ్ హాలొరన్ గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. రేడియోలో రికార్డులు వేసే ఈ పెద్దమనిషి వేసవి నుంచి మాకు మేనేజరు. నేను ఆర్గాన్ ముందు చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాను. మళ్ళీ మొదలుపెట్టాం. రెండో చరణం అయింది. వెర్న్ నోరు తెరిచి, నా వైపు చూసి, చేతకానట్టు ఓ నవ్వు నవ్వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను.

ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. తాతయ్య పోయిన రోజున కూడా కాఫీలు తాగి కప్పులు కడుక్కున్నాం. ఆ కేక చాలాసేపు నాలోంచి వెళ్తూనే ఉంది. ఆర్డెన్ ఆగలేదు, ఎవరూ ఆగలేదు. పాట అయిపోయింది. అవతలాయన మీట నొక్కి, "అబ్బాయ్, ఇప్పుడు దారికొచ్చావు. ఇదే ఉంచేద్దాం" అన్నాడు.

అబ్బాయ్ అంటే వెర్న్. ఎవరూ కాదనలేదు.

తిరిగొచ్చేప్పుడు కారులో నేనే ముందు అన్నాను, ఎవరికీ చెప్పొద్దని. నేను ఆదివారం చర్చిలో ఆర్గాన్ వాయించేదాన్ని. పాస్టరుగారు వింటే ఏమనుకుంటారు? అమ్మ ఏమనుకుంటుంది? బడ్ వెనక్కి తిరిగి, "నీ ఇష్టం బంగారం" అన్నాడు. ఎంత తొందరగా ఒప్పేసుకున్నాడో.

నవంబరు 15

నాలుగు కీర్తనలు వాయించాను. చివరిది సాగదీశావు అంది అమ్మ. ఏమీ జరగలేదు.

1965 జనవరి 9

బడ్ మా రికార్డు వేశాడు. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ బంగాళాదుంప రొట్టెలు వత్తుతోంది. కేక వచ్చేసరికి, "ఎవరి పీకయినా కోస్తున్నారా ఏమిటి?" అని పిండి చేత్తోనే రేడియో మీట తిప్పి వాతావరణం పెట్టింది. నాన్న పడవ ఇంకా అలాస్కా దగ్గరే ఉంది.

నేను నవ్వాను. ఇలా ఉంటేనే నాకు బాగుంది. నిజంగానే బాగుంది.

జనవరి 23

ప్యుయాలప్ ఊళ్ళో స్కేటింగ్ హాలులో మా కచేరీ. బడ్ కొత్త ఏర్పాటు చేశాడు. నా ఆర్గాన్ మూత వెనక, జనానికి కనపడకుండా ఒక మైకు. వెర్న్ మోకాళ్ళ మీద పడి, జుట్టు నేలకు తగిలేలా ముందుకు వంగి, తన మైకును రెండు చేతులతో పట్టుకుంటాడు. నేను తల దించుకుని మూత వెనక అరుస్తాను. నేను ఏదో స్వరాలు వెతుక్కుంటున్నాననుకుంటారు జనం.

రెండుసార్లు వాయించమన్నారు. ఆడపిల్లలు వెర్న్ చొక్కా గుండీ ఒకటి పీక్కుపోయారు. వాడు ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆ గుండీ నీకు రావాలి అసలు" అన్నాడు. వాడిది మంచి మనసు. మంచి మనసుతో చేపల పడవలు నడుస్తాయేమో, పడవ నడిపే వాళ్ళ నాన్నకు తెలియాలి.

మార్చి 6

నేను గ్లవుజులు అమ్మే కౌంటరుకు ఎదురుగానే షాపులో రికార్డుల విభాగం. అక్కడ గాజు గదులున్నాయి. కొనేముందు పిల్లలు లోపల తలుపేసుకుని పాట విని చూసుకోవచ్చు. ఈ నెలంతా ఆ గదుల్లో ఒకటే పాట. బడి వదిలాక గదికి నలుగురేసి దూరి, కేక దగ్గరికొచ్చేసరికి అందరూ కలిసి అరుస్తారు. గాజు వెనక నోళ్ళు తెరుచుకోవడం కనపడుతుంది, వినపడదు. నేను ఎవరో ముసలావిడ చేతికి తోలు గ్లవుజు తొడుగుతూ అది చూస్తూ ఉంటాను.

రికార్డులమ్మే డోరీన్‌కు నేను ఆ బ్యాండులో వాయిస్తానని తెలుసు. "మీ వెర్న్‌ది గొంతా, ఇత్తడి గంటా?" అని అడిగింది. వాళ్ళమ్మ రోజూ పచ్చి గుడ్లు తాగిస్తుందట కదా, అంది. బడ్ రేడియోలో చెప్పాడట.

సొమ్మొకడిది, సోకొకడిది. అవును తాగిస్తుంది, పూటకు మూడు, అని చెప్పాను.

మార్చి 20

వెర్న్ ఇంటికొచ్చాడు, వాళ్ళ పడవలో పొగబెట్టిన చేప తెచ్చాడు. అమ్మకు వాడంటే ఇష్టం. అమ్మ అటు వెళ్ళాక, పెట్రోలు బంకులో ఆగితే కూడా ఒకసారి అరవమని అడుగుతున్నారని చెప్పుకుని వాపోయాడు. "జలుబంటున్నాను. జనవరి నుంచీ జలుబే నాకు."

నవ్వొచ్చింది. వాడు నోట్లో నాలుక లేనివాడు. వాడంటే నాకు జాలి. అంతే.

ఏప్రిల్ 18

ఈస్టర్. చర్చి నిండిపోయింది. బాగా వాయించాను. పాస్టరుగారు అందరి ముందూ నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. మార్లిస్ టోర్విక్ అని, పూర్తి పేరు.

జూన్ 12

కాలిఫోర్నియా కంపెనీ ఒకటి మా రికార్డు తీసుకుంది. దేశమంతా వేస్తారట. కవరు మీదికి ఫోటో కావాలి. రేవు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగల మీద తీద్దామని బడ్ అన్నాడు. నేను నీలం గౌను ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను. కుర్రాళ్ళు నలుగురినీ దుంగల మీదికెక్కించి, నన్ను పక్కకు పిలిచాడు. ఎంత మెత్తగా మాట్లాడాడో. "చూడు బంగారం, కొనేది ఆడపిల్లలు. మధ్యలో అమ్మాయి కనపడితే వీళ్ళలో ఎవడి తాలూకో అనుకుంటారు. ఒక్క ఫోటోయే కదా."

ఆర్డెన్ వైపు చూశాను. వాడు గిటారు తీగలేవో సర్దుకుంటున్నాడు. రేవులో, ఫోటో కోసం, తీగలు.

ఎలాగూ నేను త్వరగా వెళ్ళాలి, చర్చిలో పెళ్ళి ఉంది, వాయించాలి, అన్నాను. బడ్ మొహం విప్పారింది. బస్సెక్కి వచ్చేశాను.

జూన్ 13

నిన్న పెళ్ళేమీ లేదు.

జూలై 17

వాళ్ళు లాస్ ఏంజలస్ వెళ్ళారు, టీవీలో పాడటానికి. పాడటానికి అని అందరం అంటున్నాం గానీ, ఆ కార్యక్రమంలో ఎవరూ పాడరు. రికార్డు వేస్తారు, వీళ్ళు దానికి నోళ్ళు కదపాలి. అందుకని నేను అక్కర్లేదు. నా బదులు ఆర్గాన్ ముందు బడ్ మేనల్లుడు నిలబడతాడు. వాడికి ఆర్గాన్‌కూ అల్మారాకూ తేడా తెలియదు. నేను ఇంట్లో షాపువాళ్ళు సెలవివ్వలేదని చెప్పాను. అడిగితే ఇచ్చేవాళ్ళేమో.

ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. అమ్మా నేనూ చూశాం. మేనల్లుడు ఆర్గాన్ మీద రొట్టెల పిండి పిసికినట్టు చేతులాడించాడు. వెర్న్‌కు కొత్త కోటు వేశారు. రెండో చరణం అయింది. మోకాళ్ళ మీద పడి నోరు తెరిచాడు. ఒక్క క్షణం కూడా తేడా రాలేదు, నా ఊపిరి ఎక్కడ తీసుకుంటానో వాడికి కంఠతా వచ్చు. మా ముందుగదిలో, అమ్మ అల్లిన గుడ్డ కప్పిన టీవీలోంచి, నా గొంతు వచ్చింది.

"ఆ పిల్లాడికి నిజంగానే గొంతుంది. నేనే సరిగ్గా వినలేదు అప్పుడు" అంది అమ్మ.

అవును అన్నాను. రుబార్బ్ కాడలతో అమ్మ చేసిన తీపి రొట్టె రెండు ముక్కలు తిన్నాను. నాకేం కాలేదు. వాళ్ళు అంత దూరం కారులో వేడికి మాడిపోతూ వెళ్ళారు, నేను హాయిగా ఇంట్లో ఉన్నాను.

జూలై 18

నాకేం కాలేదు అని రాసుకున్నాను నిన్న. చదువుకుంటే సిగ్గేసింది. ఏడుపొస్తోంది, పొద్దున్నుంచీ. ఇది ఇక్కడ రాసుకోవడానికి కూడా నాకు ఒక రోజు పట్టింది.

ఆగస్టు 11

వచ్చారు. పెద్ద రికార్డు కూడా అక్కడే చేసుకొచ్చారట, పన్నెండు పాటలు. మరి ఆర్గాన్ ఎవరు వాయించారని అడిగాను. అక్కడ మనుషులుంటారట ఆ పనికి. మరి కేక? 'సల్ఫర్' ఒక్కటే పాతది కదా.

ఆర్డెన్ ఎగిరి గంతేశాడు, చెప్పడానికి అంత సంబరం. వెర్న్ చేత కొత్త పాటల్లో అరిపించి చూశారు, కుదరలేదు. అప్పుడు అక్కడి ఇంజనీరు 'సల్ఫర్' టేపులోంచి నా కేకను నకలు తీసి, బ్లేడుతో కోసి, మరో మూడు పాటల్లో అతికించాడట. అతుకు కనపడదు, వినపడదు.

"నువ్వు రావాల్సిన పనే పడలేదు. చూశావా ఎంత తేలికో?"

"నన్నడగలేదేం?"

"అడగడానికేముందే? నీదే కదా."

నవంబరు నుంచి ఇప్పటిదాకా, ఆ కేక నాదని పైకి ఒకరు అనడం ఇదే మొదలు. నన్ను అడగక్కర్లేదని చెప్పడానికి పనికొచ్చింది ఆ మాట. నా కేకను మాంసం కొట్టులో ముక్కల్లా కోసి నాలుగు చోట్ల వేలాడదీసి వచ్చి, మా అన్న నా ఎదురుగా కూర్చుని మొక్కజొన్న పొత్తుకు వెన్న రాసుకున్నాడు. నేను లేచి వెళ్ళి గిన్నెలు కడిగాను. గట్టిగానే కడిగాను. "ఎందుకే ఆ చప్పుడు?" అంది అమ్మ.

ఆగస్టు 29

రాయడానికేమీ లేదు.

సెప్టెంబరు 14

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు, నేనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆర్గాన్ పీట మీద ఇంకెవరినైనా పెట్టుకోండి, నేను చేసిన పని ఇది, దాచుకోలేను, అని. ఆయన గడ్డి కోస్తున్నారు. యంత్రం ఆపారు. 'సల్ఫర్'లో కేక నాది అని చెప్పేశాను.

ఆయన నవ్వారు. కోపం లేదు, అసహ్యం లేదు, హాయిగా నవ్వారు. "ఆ పాటా? మా చిన్నమ్మాయి రోజంతా అదే వేస్తుంది. అది నువ్వా, మార్లిస్? మంచిదానివే." నేను హాస్యమాడుతున్నాననుకున్నారు. కాదండీ నిజం, అన్నాను. "సరే సరే, అయితే ఆదివారం కాస్త మెల్లగా అరువు" అని మళ్ళీ యంత్రం తిప్పుకున్నారు.

ఎవరికి భయపడి దాచానో ఆయన నమ్మనే లేదు. ఈ పది నెలలూ లేని కుక్కకు జడిసి పక్క వీధిలోంచి నడిచాను.

సెప్టెంబరు 25

అక్టోబరు తొమ్మిదిన ఆర్మరీ హాలులో కచేరీ. దేశం చూసొచ్చిన మన కుర్రాళ్ళు మళ్ళీ సొంత ఊళ్ళో అని ఊరంతా కాగితాలు అంటించారు. అక్కడ టేపు నడవదు, నోరు కదిపితే చాలదు. అందుకని బడ్, ఆర్డెన్, వెర్న్ ముగ్గురూ మా వంటింటికి వచ్చారు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళకు మళ్ళీ ఏరు అడ్డొచ్చింది.

వాయిస్తాను, అరుస్తాను, కానీ మైకు మూత వెనక కాదు, నా ముందు పెట్టాలి, ఆ పాట ముందు నా పేరు చెప్పి అది నా కేకని చెప్పాలి, అన్నాను.

బడ్ కాఫీ కలుపుకుంటూ, "దాచమన్నది నువ్వే కదమ్మా" అన్నాడు.

"అప్పుడన్నాను. ఇప్పుడు చెప్పమంటున్నాను."

"ఇప్పుడు చెబితే వెర్న్ ఏమైపోతాడు? ఆ పిల్లలందరూ నవ్వరూ?"

ఆర్డెన్ ఎప్పుడూ అంతే, ఏ గొడవలోనైనా గెలిచే వైపు తేలేదాకా ఆగుతాడు. చివరికి మాట్లాడింది వెర్న్. బల్ల మీదున్న తన చేతులు చూసుకుంటూ, "నేను చెప్తాను" అన్నాడు. "నవ్వితే నవ్వనీ. నాక్కూడా విసుగొచ్చింది ఈ జలుబుతో. పాట ముందు మార్లిస్ టోర్విక్ అని చెప్తాను. కేక ఆమెదని చెప్తాను."

వాడు చెప్తాడు. వాడు మాట తప్పే మనిషి కాదు. జాలి అని రాశాను ఇంతకుముందు. అది జాలి కాదు.

అక్టోబరు 8

నీలం గౌను మళ్ళీ ఇస్త్రీ చేశాను. అమ్మను కూడా రమ్మన్నాను. ఆ చప్పుడు నా తల భరించలేదు, నువ్వే వచ్చి చెప్పు, అంది. సరే, నేనే చెప్తాను.

అక్టోబరు 10, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

నిన్నటి సంగతి వరసగా రాస్తాను.

హాలు కిక్కిరిసింది. పట్టనివాళ్ళు బయట వానలో నిలబడ్డారు. మైకు నా ముందే పెట్టారు, అంతవరకు మాట నిలబెట్టుకున్నారు. ఆరు పాటలయ్యాయి. వెర్న్ మైకు దగ్గరికొచ్చి, డ్రమ్ముల దగ్గర ఫలానా అన్నాడు, బేసు ఫలానా అన్నాడు, పాట రాసిన మా ఆర్డెన్ టోర్విక్ అన్నాడు. జనం ఒక్కొక్కరికీ చప్పట్లు కొట్టారు. అప్పుడు నా వైపు తిరిగాడు. వాడి పెదవి మీద చెమట నాకు కనపడింది. వేదిక పక్కన తెర దగ్గర బడ్ నిలబడి ఉన్నాడు. బడ్ ఏమైనా సైగ చేశాడో లేదో నాకు తెలియదు, నేను వెర్న్‌నే చూస్తున్నాను.

"ఆర్గాన్ మీద, ఆర్డెన్ చెల్లెలు" అన్నాడు.

అంతే. వెంటనే తాళం మొదలైంది.

నేను వాయించాను. చేతులు వాటి పని అవి చేశాయి. మొదటి చరణం, రెండో చరణం. మైకు నా నోటికి బెత్తెడు దూరంలో ఉంది. పళ్ళు బిగించుకున్నాను. ఇవాళ ఈ ఊరు మొత్తానికి తెలుస్తుంది, అనుకున్నాను. ఇప్పుడు వీడు మోకాళ్ళ మీద పడతాడు, నోరు తెరుస్తాడు, ఏమీ రాదు, ఆ నిశ్శబ్దం నా పేరు చెప్తుంది. అంత కసి నాలో ఉందని నాకే తెలియదు. సంతోషంగా కూడా ఉంది.

వెర్న్ మోకాళ్ళ మీద పడ్డాడు. తల నేలకు వంచాడు.

హాలు అరిచింది.

ఆ ఆడపిల్లలందరూ అరిచారు, ముందు వరస నుంచి తలుపుల దాకా. సరిగ్గా ఆ చోటే, సరిగ్గా నా స్థాయిలోనే. నేను చివర్లో ఎక్కడ కాస్త విరుస్తానో అక్కడ వాళ్ళూ విరిచారు. గాజు గదుల్లో నెలల తరబడి నేర్చుకున్నారు కదా. వేదిక చెక్కలు అదిరాయి. దాని మీద ఆర్డెన్ గిటారు అందుకున్నాడు, ఒక్క తాళం కూడా తప్పలేదు. వెర్న్ లేచి నవ్వుతూ మూడో చరణం ఎత్తుకున్నాడు. నేను నోరు మూసుకుని వాయిస్తూ ఉన్నాను. నన్ను ఎవరూ చూడలేదు.

అయ్యాక వెనక గదిలో ఆర్డెన్ నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. "ఎప్పుడూ ఇంత బాగా అరవలేదే నువ్వు" అన్నాడు. బడ్, నా మైకు కాస్త పెంచమని తనే చెప్పాడట, అదే పనిచేసిందట, అని అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను అరవలేదని వాళ్ళకు తెలియలేదు. ఆ హోరులో తెలిసే వీలు లేదు.

చెప్పేద్దామనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా అప్పుడే తట్టింది. ఇక కేకకు నా అవసరం లేదని వాళ్ళకు తెలిసిపోతుంది. కాలిఫోర్నియాలో బ్లేడు ఉంది, ఇక్కడ హాలు నిండా పిల్లలున్నారు. ఆర్గాన్‌కు బడ్ మేనల్లుడున్నాడు.

వెర్న్ అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికొచ్చాడు. కళ్ళు తుడుచుకున్నట్టున్నాడు. "పేరు నోటిదాకా వచ్చింది మార్లిస్. పెగల్లేదు. వాళ్ళందర్నీ చూసేసరికి..." అని ఆగిపోయాడు. తర్వాత అన్నాడు, "నీ స్థానంలో నేనుంటే అరిచేవాణ్ణి కాదు. అయినా నువ్వు అరిచావు. నీ అంత మంచిదాన్ని నేను చూడలేదు."

ఊ అన్నాను.

"గొంతు నొప్పిగా ఉందా?"

"కొంచెం" అన్నాను.

వాడు ఆ వానలో వీధి చివర హోటలు దాకా పరిగెత్తి, కాగితం కప్పులో వేడినీళ్ళు, తేనె, నిమ్మకాయ పిండించుకుని తెచ్చాడు. మెల్లగా తాగు, గొంతుకు మంచిది, అని నా ఎదురుగా నిలబడ్డాడు. నేను మొత్తం తాగాను.